గొంతులేని తుపాకీ

వంగి రండి. గుమ్మం పొట్టిది, పైనున్న తాటిదూలం నుదుటికి తగులుతుంది. లోపలంతా చీకటిగా తోస్తే కాసేపు ఆగండి, బయటి మంచు తెలుపు ఇంకా మీ కళ్ళలోనే ఉంది. పుష్యమాసంలో పార్వతీపురం పొద్దులు ఇలాగే ఉంటాయి. ఏడు దాటినా కొండలు ఉండాల్సిన చోట తెల్లటి పొర తప్ప మరేమీ కనబడదు. రాయగడ వైపు పోయే గూడ్సు కూత వినబడుతుంది, బండి ఎక్కడుందో తెలియదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ తేలుతున్నాయి కదా. ఎడమ పక్క నేలలో కొలిమి గుంట, దానికి ఆనుకుని చేత్తో తిప్పే గాలిచక్రం. మధ్యలో చింతమొద్దులోకి దిగేసిన దాగలి. దెబ్బలు తిని తిని దాని అంచులు గుండ్రబడిపోయాయి. గోడకి ఏడెనిమిది కొడవళ్ళు వేలాడుతున్నాయి, కక్కు పెట్టించుకోవడానికి ఊళ్ళ నుంచి వచ్చినవి. కుడి పక్క వడ్రంగం: బాడిశ, నాలుగు రకాల ఉలులు, రెండు రంపాలు, చిత్రిక, బర్మా. పార్వతీపురంలోని ఈ బెలగాం సందుల్లో ఒకే కప్పు కింద ఇనుమూ కొయ్యా రెండూ తెలిసిన చేతులు ఇంకా మిగిలి ఉన్నాయంటే అది మన అదృష్టం అనే అనుకుంటాను.

ఆ చేతులు ఆచారి తాతవి. కొలిమి ముందు గొంతుక్కూర్చుని బొగ్గులు ఏరుతున్నాడు. పెద్దవి ఒక పక్కకి, పొడి ఒక పక్కకి.

"రాండి, అటేపు కూకోండి. నిప్పుకి ఎదురుగా వొద్దు, రవ్వలెగుర్తాయి."

మీరు వచ్చింది తుపాకీ చేయడం చూడ్డానికి. నోట్లోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ, ఒత్తి నిప్పుతో పేలేది. కొండకింద ఒక ఊళ్ళో బొబ్బిలి యుద్ధం నాటకం ఆడుతున్నారు. పోయినేడు కోట బురుజు మీద కాపలావాడు బజార్లో కొన్న ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుని నిలబడితే, ముందు వరసలో పిల్లలు దాని పేరు చెప్పి మరీ నవ్వారట. ఆ నవ్వు నాటకం మాస్టారికి ముల్లులా దిగింది. ఈ ఏడు ఆయన తాత దగ్గరికి వచ్చి చెప్పింది ఒకటే: ఆ కాలానికి చెందిన తుపాకీ కావాలి. నిప్పు కనబడాలి, మీట నొక్కితే గుర్రం కదలాలి, చూసేవాడి ఒళ్ళు జలదరించాలి.

తాత ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. "నోరు సేత్తాను బాబూ. గొంతుక సెయ్యను."

అంటే గొట్టానికి మూతి ఉంటుంది, లోపల దారి ఉండదు. గట్టి ఇనుప కడ్డీయే గొట్టంలా కనిపించాలి. ఎందుకో ఆయన ఎక్కువ వివరించలేదు, అవసరమూ లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష. 1959 నాటి ఆయుధాల చట్టం ఇది, 2019లో శిక్ష ఇంకా పెంచారు. బొమ్మ తుపాకీని పేలేదిగా మార్చడాన్ని కూడా ఆ చట్టం విడిగా పేరుపెట్టి నిషేధిస్తుంది. చిత్రంగా అదే చట్టం పదమూడో సెక్షన్లో, పంట కాపలాకి నోట్లోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగొచ్చని రాసి ఉంది. అడవిపందీ ఏనుగూ చేను తొక్కే ఈ జిల్లాలో ఆ మాటకి అర్థం ఉంది. అయినా నాటు తుపాకీ పట్టుకుని వేటకెళ్ళి, పొదలో కదిలింది జంతువనుకుని తోటివాణ్ణి కాల్చుకున్న వార్తలు మన్యంలో చదువుతూనే ఉన్నాం. గొంతుక చెయ్యనని తాత అన్నప్పుడు ఆయన మొహం చూస్తే, భయపడింది జైలుకి కాదని నాకు అనిపించింది.

ముందు కొయ్య. ఆ మూల గోనెసంచి తీయండి. పనస చెక్క, నాలుగడుగుల పొడవు. బొబ్బిలి వైపు నుంచి తెప్పించారు. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూడండి, పండు గుర్తొస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు వాడేదీ ఈ పనసే. ఒకే దుంగలోంచి కుండా, దండీ కలిపి తొలిచే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. తుపాకీ కుందా, అంటే దాని కొయ్య భాగం, కూడా ఏకాండే. అతుకు పెడితే అదురుకి విడిపోతుంది కాబట్టి పూర్వం కూడా సాధారణంగా మధ్యలో అతికేవాళ్ళు కారు. ఒకే చెట్టు ఒక చేతిలో వీణ అయింది, ఇంకో చేతిలో తుపాకీ అయింది. బొబ్బిలి అనగానే మనకి గుర్తొచ్చేవి కూడా ఆ రెండే, వీణా యుద్ధమూ.

తాత చెక్కని వేళ్ళతో తడిమి, పోగు ఎటు నడుస్తోందో చూస్తాడు. గీత గీయడు. బాడిశ ఎత్తుతాడు. టక్, టక్, టక్. పసుపుపచ్చ పేళ్ళు మీ పాదాల మీద పడుతున్నాయి, వెచ్చగా ఉన్నాయి. మన దేశపు పాత తుపాకీ కుందా సినిమాల్లో చూసే తెల్లవాడి తుపాకీలా కిందికి వంగి, భుజానికి వెడల్పుగా ఉండదు. సన్నగా, దాదాపు తిన్నగా పోతుంది, వెనక కోసి చూస్తే అయిదు పలకలుగా ఉంటుంది. చాలామంది దాన్ని భుజానికి గట్టిగా ఆనించకుండా చంకకింద నొక్కి, చెంపకి దగ్గరగా పట్టుకుని కాల్చేవారు. ఇది చెప్పగానే తాత బాడిశ ఆపి, ఆ చెక్కని చంకలో పెట్టుకుని చూశాడు. రెండు వేళ్ళ మందం ఎక్కువుందని గుర్తుపెట్టుకున్నాడు. మళ్ళీ టక్, టక్.

మధ్యాహ్నానికి చిత్రిక. చెక్క మీద పొడవాటి చుట్టలు లేస్తుంటే ఆయన మనవడు వాటిని చెవులకి తగిలించుకుని తిరుగుతున్నాడు. ఎనిమిదేళ్ళ గుంటడు. జేబులో వాడి సొంత ఆయుధం ఉంది: జానెడు వెదురు గొట్టం, అందులో పట్టే పుల్ల. తడి కాగితం ఉండ ఒకటి మూతిలో, ఇంకోటి వెనక పెట్టి పుల్లతో తోస్తే ఫట్‌మని ముందుది ఎగురుతుంది. వాణ్ణి తిట్టకండి. సరిహద్దు దాటి బస్తర్ పోతే జగదల్‌పూర్‌లో గోంచా పండక్కి, జగన్నాథుడి రథం కదిలేటప్పుడు, ఇలాంటి వెదురు తుపాకులతోనే దేవుడికి వందనం చేస్తారు. కొండజనం వాటిని చేసి అమ్ముతారు, అడవికాయల్ని గుళ్ళుగా పెడతారు. దాని పేరు తుపకి. ఓరుగల్లు కాకతీయుల వంశమని చెప్పుకున్న రాజులు ఏలిన నేల అది. మాట అటు పోయిందో, ఇటు వచ్చిందో, రెండు చోట్లా తుర్కీ భాష నుంచే దిగిందో, పిల్లవాడి జేబులోని వెదురు ముక్క మాత్రం గుండు అంటే ఏమిటో, గాలి ఒత్తిడి అంటే ఏమిటో వాడికి బళ్ళోకంటే ముందే నేర్పేసింది.

మర్నాడు ఇనుము. ఇవాళ మీకు పనుంది. చక్రం పిడి పట్టుకోండి. మరీ గబగబా తిప్పకండి, గాలి ఊపిరిలా రావాలి. బొగ్గుల నడుమ ముందు ముదురు ఎరుపు పుడుతుంది, అది కుంకుమ రంగవుతుంది, ఆ తర్వాత తంగేడు పువ్వు. తాత కళ్ళు మంట మీద లేవు, మంటలో ఉన్న కడ్డీ కొస మీద ఉన్నాయి.

"ఇంకో రెండు సుట్లు. సాలు!"

పట్టుకారుతో లాగి దాగలి మీద నిలువుగా నిలబెట్టాడు. పైనుంచి సుత్తి. మెత్తబడ్డ కొస తనలోకి తాను కుంగి, పక్కలకి ఉబ్బుతుంది. మూడు వేడులకి కడ్డీ మూతి దగ్గర ఒక మొగ్గ ఏర్పడింది. పాత తుపాకుల్లో గొట్టం చివర ఇలా ఉబ్బుతుంది, కొన్నిటికి దాన్ని పులి నోరుగానో మొసలి నోరుగానో చెక్కేవారు. తాత పులి జోలికి పోలేదు, తామర మొగ్గ చాలన్నాడు. వెనక భాగం లావుగా ఉంచి, ముందుకి పోయేకొద్దీ సన్నగా సాగదీస్తున్నాడు. మందు మండేది వెనక కాబట్టి అసలు గొట్టాలు అక్కడ లావు. పేలనిదానికి కూడా ఆ లావు ఉండాలి, లేకపోతే కన్ను నమ్మదు.

కడ్డీ చల్లారుతున్నంతసేపు అసలు గొట్టం సంగతి చెప్తాను. ఇప్పటిలా ఉక్కు కడ్డీని మరమీద తొలిచే రోజులు కావవి. ఇనుప పట్టీని కాల్చి, ఒక ఊచ చుట్టూ పాములా చుట్టి, చుట్టు చుట్టుకీ మధ్య అతుకు కరిగేదాకా వేడిచేసి కొట్టేవారు. జానెడు అతకడానికి ఎన్నో వేడులు. మూరలు మూరలుగా అతికి, ఊచ లాగేసి, లోపల తోమి, తిన్నగా ఉందో లేదో గొట్టంలోంచి ఆకాశం చూసేవారు. మంచి గొట్టాల మీద ఆ చుట్లు నీటి అలల్లా కనిపిస్తాయి. అంత పొడవులో ఎక్కడో ఒక్క అతుకు బొగ్గుపొడి అడ్డుపడి సరిగా కరగలేదనుకోండి, పైకి కనిపించదు. కనిపించేది పేలిన రోజున, పట్టుకున్నవాడి మొహం దగ్గర. అందుకే కొత్త గొట్టాన్ని ముందు కొయ్యకి కట్టి, దూరం నుంచి పేల్చి చూసేవారు. తను చేసినదాన్ని తన కొడుకు చేతికివ్వాల్సి వచ్చే కమ్మరి మనసు ఎలా ఉండేదో ఊహించండి. ఆ కమ్మర్ల పేర్లు మనకి ఏ పద్యంలోనూ దొరకవు. కత్తి పట్టినవాడి పేరు దొరుకుతుంది, కత్తికి కూడా ఒక్కోసారి పేరుంటుంది.

చల్లారింది. తాత కడ్డీ మూతి మధ్యలో బర్మా పెట్టి తిప్పుతాడు. గోరు లోతు దిగగానే ఆపేశాడు. అందులో మసి పులిమి దూరంగా పట్టుకుంటే, లోపల చీకటి ఎంత లోతుందో చెప్పలేరు. మీ చిటికెనవేలు పెట్టి చూడండి. గోరు మునగకముందే ఇనుము తగులుతుంది. "అదీ గొంతుక" అన్నాడు తాత.

మూడో రోజూ నాలుగో రోజూ గుర్రంతోనే సరిపోయాయి. మీట నొక్కితే నిప్పుని గొట్టం పక్కనుండే మందు గిన్నె మీదికి దించే కొంకిని మనవాళ్ళు గుర్రం అన్నారు, ఇంగ్లీషువాళ్ళు పాముతో పోల్చారు. నాకు మన మాటే నచ్చుతుంది, ఎందుకంటే అది కళ్ళెం ఉన్న జంతువు. పని సూత్రం తూకంచెక్కలాంటిదే. కుందా మధ్యలో సన్నటి గాడి తొలిచి, అందులో ఒక ఇనుప పలక నిలబెట్టి, దానికి ఒక మేకు ఇరుసు. ఇరుసుకి కింద పొట్టి చెయ్యి, పైన పొడుగు చెయ్యి. వేలు కింద ధాన్యపు గింజంత కదిలితే పైన కొస అంగుళాలు కదలాలి. వేలు వదిలితే వెనక్కి రావాలి. ఇంతే. వినడానికి ఇంతే.

మొదటిసారి బిగించాక మీట నొక్కింది మీరే. గుర్రం టక్కున పడింది. దాని నోట్లో పెట్టిన అగరొత్తి కొసన నిప్పు ఎగిరి పేళ్ళ కుప్పలో పడింది, గుంటడు చెంబెడు నీళ్ళు పోశాడు. ఒత్తి తుపాకీలో నిప్పు పడకూడదు, వాలాలి. అసలు తుపాకీలో వాడేది సురేకారంలో నానబెట్టి ఎండబెట్టిన నూలుతాడు. ఉత్తరాదిన దాన్ని తోడా అంటారు, తుపాకీని తోడాదార్ అంటారు. తాడు మంట లేకుండా నిదానంగా రాజుకుంటూ ఉంటుంది. దాన్ని గట్టిగా కొడితే ఆరిపోతుంది, మెల్లగా ముద్దు పెట్టినట్టు ఆనిస్తే గిన్నెలోని రంజకం, అంటే ముందుగా అంటుకునే మందుపొడి, రాజుకుంటుంది. నాటకంలో తాడుకి బదులు అగరొత్తి, మందుకి బదులు ఏమీ లేదు. కానీ వాలడం వాలడమే.

తాత ఇరుసు రంధ్రం గోరువెడల్పు వెనక్కి జరిపాడు. ఇప్పుడు గుర్రం నెమ్మదిగా దిగుతోంది, కానీ గిన్నెకి అవతల దిగుతోంది. కొంకి మెడని కాల్చి వంచాడు. ఇప్పుడు గిన్నె మీదికి వస్తోంది, వేలు వదిలితే వెనక్కి పోవడం లేదు. స్ప్రింగు కావాలి.

స్ప్రింగు దగ్గర ఆయన పనితనం చూడండి. అరిగిపోయిన హాక్సా బ్లేడు ముక్క తీశాడు. ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి మెత్తబరిచాడు, చేత్తోనే వంచాడు. మళ్ళీ కాల్చి నూనెలో ముంచాడు, చుయ్‌మని పొగ, ఆముదం వాసన. ఇప్పుడది గాజు. కింద పడితే పగులుతుంది. దాన్ని ఆకురాయితో మెరిసేలా రుద్ది, నిప్పుల మీద కాకుండా నిప్పులపై పెట్టిన అట్లరేకు మీద ఉంచాడు. "ఇప్పుడు రంగు సూడాల" అన్నాడు.

మెరిసే ఇనుము మీద ఒక లేత ఎండుగడ్డి రంగు పాకింది. మీరు తీసేద్దామన్నారు. ఆయన మీ మాట కాదనలేదు, తీసి చూపించాడు. గుర్రం వెనక బిగించి మీట రెండుసార్లు నొక్కారు, మూడోసారి పిట్ అని విరిగింది.

"గడ్డి రంగు ఉలికి. స్ప్రింగుకి నేదు" అన్నాడు, కోపమేమీ లేకుండా. ఇంకో ముక్క కోశాడు. మళ్ళీ కాల్చడం, ముంచడం, రుద్దడం, రేకు మీద పెట్టడం. ఎండుగడ్డి రంగు వచ్చింది, దాటింది. తేనె రంగు వచ్చింది. ఉడికిన ముంజికాయ తొక్క రంగు. మీరు ఊపిరి బిగబట్టారు. ఒక్కసారిగా, చివర నుంచి, నీలం. నెమలి మెడ మీద ఉండే నీలం.

"ఇదీ!"

నూనెలో పడింది. ఆ నీలం పుట్టే వేడిని మర అయితే మూడువందల డిగ్రీల దగ్గర చూపిస్తుంది. ఇక్కడ దాన్ని కొలిచే సాధనం డెబ్బై ఏళ్ళ కన్ను, అది కూడా పొర పడిన కన్ను. ఎడమ కంట్లో శుక్లం తీయించుకోవాలని ఇంట్లోవాళ్ళు పోరుతున్నారు. కుడి కన్ను చాలని ఆయన అంటున్నాడు. మీరు ఈ ఊళ్ళో ఉండేవాళ్ళయితే, దయచేసి ఆయన్ని ఒప్పించండి.

మిగిలిన పని జోరుగా సాగిపోయింది. కుందా మీద గొట్టం ఆనే గాడి తొలిచి, కడ్డీని పరుపులో పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు దించి, నాలుగుచోట్ల ఇత్తడి తీగతో, రెండు చోట్ల తోలువారుతో చుట్టి బిగించారు. మేకులు లేవు. గొట్టం పక్కన రంజకం గిన్నె, దానికి ఇరుసు మీద తిరిగే మూత. గొట్టం కింద గజం దూర్చే దారి. గజం అంటే ఇక్కడ ఏనుగూ కాదు, కొలతా కాదు, మందునీ గుండునీ లోపలికి దట్టించే ఊస. తాత దాన్ని వెదురుతో చేశాడు. గిన్నె పక్కన గొలుసుకి ఒక సూది, నిప్పు గొట్టంలోకి పోయే చెవిలో మసి తీయడానికి, అది పాడైపోయిన గొడుగు ఊస. చివరికి అవిసెనూనె గుడ్డతో రుద్దితే పనస పసుపు బంగారంలా లేచింది. ఏడాది తిరిగేసరికి అది మిరియాల కషాయం రంగుకి తిరుగుతుంది, వీణలాగే.

అయిదో సాయంత్రం తుపాకీని గోనెలో చుట్టి ఆటోలో తీసుకెళ్ళాం. తాత ఆటోలో కూడా దాన్ని డ్రైవరుకి కనబడేలా విప్పి చూపించాడు, దాచినట్టు ఉండకూడదని. నాటకం మాస్టారు ముందే పోలీసు స్టేషన్‌లో కాగితం పెట్టి చెప్పి ఉంచారు.

ఊరి మధ్య రచ్చబండ దగ్గర రిహార్సలు. కోతలైపోయాయి, కుప్పలు నూర్చేశారు, గాలి నిండా గడ్డి వాసన. ఒక ట్యూబులైటు, ఒక హార్మోనియం, శాలువాలు కప్పుకున్న జనం. కాపలావాడి వేషం వేసేది పగలు ఆటో తోలే కుర్రాడు. వాడు తుపాకీ అందుకుంటూ అసంకల్పితంగా చెప్పులు విడిచాడు. బరువు వాడు అనుకున్నదానికంటే ఎక్కువ. అయిదడుగులు ఉందేమో, చేతుల్లో ముందుకి తూలింది.

ఇక్కడే మాస్టారు నేను ఊహించని పని చేశారు. పద్యాలూ డైలాగులూ పక్కన పెట్టి, కుర్రాణ్ణి మధ్యలో నిలబెట్టి అన్నారు: "ఒరే, కూరి చూపించు. నిజంగా కూరినట్టు. నేను లెక్కపెడతాను."

మీరూ లెక్కపెట్టండి.

కొమ్ములోంచి మందు కొలిచి మూతిలో పోసినట్టు. గుండు వేసినట్టు. కింద నుంచి గజం లాగి, తిప్పి, మూతిలో పెట్టి దట్టించినట్టు. పదిహేను. మళ్ళీ దట్టించు, ఒక్కసారితో సరిపోదు. గజం తీసి దాని చోట పెట్టు. పారేస్తే మళ్ళీ కూరలేవు. ఇరవై ఎనిమిది. గిన్నె మూత తెరువు, రంజకం పొయ్యి, మూత వెయ్యి. పైన పడ్డ పొడి ఊదెయ్యి, లేకపోతే ఒత్తి రవ్వకి చెయ్యి కాలుతుంది. ముప్పై తొమ్మిది. ఎడమ మణికట్టుకి చుట్టుకున్న ఒత్తి తీసి, ఊది, గుర్రం నోట్లో బిగించు. బిగింపు జారింది, మళ్ళీ. యాభై. తుపాకీ ఎత్తు. మూత తెరువు. గురి చూడు. అరవై రెండు.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు ఫ్రెంచి సిపాయి వేషం వేసేవాణ్ణి ముందుకి పిలిచి, వాడి చేతికి కర్ర ఒకటిచ్చారు. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం దగ్గర ఉన్నది చెకుముకి తుపాకీ. మందూ గుండూ కలిపి ముందే కాగితంలో చుట్టిన పొట్లాలు, చేత్తో పట్టుకోవాల్సిన ఒత్తి లేదు, గుర్రం నోట్లోనే చెకుముకి రాయి. కసరత్తు చేసిన సిపాయి నిమిషానికి రెండు మూడుసార్లు కాల్చేవాడు. వాడు కొరికి, పోసి, దట్టించి, ఎత్తేసరికి ఇరవై రెండు. మళ్ళీ కొరికి, పోసి, దట్టించి, నలభై అయిదు. మూడోసారి ఎత్తేటప్పటికి ఇంచుమించు మన కాపలావాడి లెక్కే అయింది.

1757 జనవరి 24. విజయనగరం పూసపాటి విజయరామరాజు పక్షాన బుస్సీ బొబ్బిలి కోటని ముట్టడించిన రోజు. బురుజుల మీద బొబ్బిలి రాజు రంగారావు మనుషులు, రాజాం నుంచి రావాల్సిన బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు అప్పటికి రాలేదు. ఇంకో అయిదు నెలలకి ప్లాసీలో క్లైవు గెలిచాడు. ఆ ఒక్క ఏడాదిలో దేశానికి ఏం జరిగిందో ఆ రెండు తేదీల్లో ఉంది. బొబ్బిలి కథ చెప్పేటప్పుడు మనం రోషం గురించి చెప్తాం, అంతఃపురం గురించి చెప్తాం, పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచిన సంగతి చెప్తాం. అవన్నీ చెప్పాల్సినవే. 1891లో బొబ్బిలిలో కట్టించిన యుద్ధ స్తంభం దగ్గర నిలబడితే నాకూ గొంతు పట్టుకుంటుంది. కానీ ఆ రోజు బురుజు మీద నిలబడ్డ ఒక మామూలు మనిషికి, ఒకసారి కాల్చాక మళ్ళీ కాల్చేలోపు ఎంతసేపు ఖాళీ చేతులతో ఉండాల్సి వచ్చిందో, నాకు అరవై రెండు దాకా లెక్కపెట్టాకే తెలిసింది. ఎదుటివాడు నిచ్చెన ఎక్కుతూ ఉంటాడు. నువ్వు గజం వెతుక్కుంటూ ఉంటావు.

"సీను నుంచి" అన్నారు మాస్టారు. ట్యూబులైటు ఆర్పేశారు.

చీకట్లో ఒకే ఒక్క ఎర్ర చుక్క, అగరొత్తి కొస. దాని వెలుగులో కుర్రాడి చెంప అంచు మాత్రం కనిపిస్తోంది. వాడు చంకలో కుందా నొక్కాడు, తాత చూపించినట్టే. పక్కనే తాత నిలబడి ఉన్నాడు, కుడి కన్నుతో చూస్తున్నాడు. మీకు ఆయన ఊపిరి వినబడుతోంది. కుర్రాడు మీట మీద వేలు వేశాడు.

ఎర్ర చుక్క కదిలింది. పడలేదు. వాలింది. గాలిలో చిన్న వంపు గీసి, గిన్నె మీద ఆగింది.

తెర వెనక డప్పు కొట్టాల్సినవాడు చూస్తూ ఉండిపోయాడు. ఏ శబ్దమూ రాలేదు. ఎర్ర చుక్క గిన్నె మీద అలాగే వెలుగుతోంది, జనం అలాగే చూస్తున్నారు. గుంటడు మీ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు డప్పు మోగింది.